నీళ్లకు అంకెలు రావు

మడుల పక్క ఇల్లు
ఫిబ్రవరి 6

బావమరిదికి,

నువ్వు క్షేమమేనా అని అడగాల్సిన చోటు ఇది. అడగను. క్షేమంగానే ఉన్నావని నిన్నటి పేపరు చెప్పింది. మూడో పేజీలో నీ ఫొటో, పక్కన కోటు తొడుక్కున్న మనిషి, మీ ఇద్దరి ముందు బల్ల మీద ఒక బొమ్మ యంత్రం, దానికి రిబ్బను. పిల్లవాడి పుట్టినరోజు ఫొటో అనుకుంది మీ అక్క.

కింద వార్త చదివాక ఆవిడ కళ్లజోడు తీసి నా చేతికిచ్చింది. ఆస్పత్రి సిబ్బంది క్వార్టర్ల వెనక ఉన్న జమ్ము మడులు మురుగును శుభ్రం చెయ్యకపోగా ఇంకా మురికి చేస్తున్నాయని పరీక్షల్లో తేలిందట. ఏప్రిల్ 20న కమిటీ కూర్చుని వాటిని పూడ్పించేస్తుందట. అక్కడ ఆ రిబ్బను యంత్రం వెలుస్తుందట. పరీక్షల నివేదిక మీద సంతకం ఇంజనీరుదట, అంటే నీది.

ఇంకా మురికి చేస్తున్నాయా? ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఆ మడులు తవ్వించిన ఓవర్సీర్ని నేను. రిటైరయ్యాక కూడా పక్కనే ఇల్లు తీసుకుని చూసుకుంటున్న పిచ్చివాణ్ణి నేను. నీకు కొత్తగా చెప్పాలా? నాలుగు వందల ఇళ్ల మురుగు ముందు ఇటుక తొట్టెలో నిలుస్తుంది. బరువైనదంతా అడుగుకు దిగుతుంది. తేరిన నీళ్లు మూడు కంకర మడుల్లోంచి, ఒకదాని తర్వాత ఒకటి, పైకి కనబడకుండా జానెడు లోతున నడుస్తాయి. పైన జమ్ము, తుంగ. వాటి వేళ్ల చుట్టూ, కంకరకు పట్టిన జిగురులో బతికే కంటికి ఆనని ప్రాణులు మురికిని తినేస్తాయి. కరెంటు అడగవు, సెలవు అడగవు. ఏడాదికోసారి జమ్ము కొయ్యాలి, తొట్టె అడుగు తోడాలి. అంతే. ఆ చివర కాలువలో పడే నీళ్లతో ముప్పై కుటుంబాలు కూరగాయలు పండిస్తున్నాయి. మడులు పూడ్చి యంత్రం వచ్చేలోపు ఆ మురుగంతా ఎక్కడికి పోతుంది? తిన్నగా వాళ్ల చేలల్లోకి. ఎన్నాళ్లు? మీ ఆఫీసులో కిటికీ అద్దం మార్చడానికి ఎన్నాళ్లు పట్టిందో అన్నాళ్లకు ఇరవై రెట్లు.

ఆ నీళ్లు పట్టుకుపోయిన మనిషిని చూశాను. డిసెంబరులో సీసాల పెట్టె బండికి కట్టుకుని ఒకావిడ వచ్చింది. నేను తొట్టె దగ్గర ఉన్నాను. నన్ను ఒక్క మాట అడగలేదు. మూతలెత్తింది, సీసాలు నింపింది, పోయింది. కళ్లున్నాయో, అవి కూడా కాంట్రాక్టు మీద ఇచ్చారో.

నాకు ఆ పరీక్షల అంకెలు కావాలి. నీ అభిప్రాయం వద్దు. అంకెలు పంపు.

మీ అక్క అడగమంది కాబట్టి అడుగుతున్నాను, మోకాలు ఎలా ఉంది?

బావ


ఇంజనీరు ఆఫీసు, రెండో అంతస్తు
ఫిబ్రవరి 19

బావగారికి నమస్కారాలతో,

మీ ఉత్తరం అందింది. మోకాలు ఫరవాలేదు. మెట్లు ఎక్కేటప్పుడే కాస్త. అక్కను బెంగపెట్టుకోవద్దనండి.

మీ బాధ నాకు అర్థమవుతుంది. అయితే ఆ నివేదిక ప్రయోగశాల నుంచి వచ్చింది. పద్ధతి ప్రకారం నా బల్ల మీదుగా వెళ్లింది. అలా వెళ్లే కాగితాలు రోజుకు యాభై ఉంటాయి. ప్రస్తుతం ఫైలు పరిశీలనలో ఉన్నందున అంకెలు బయటికి ఇవ్వడానికి వీలు పడదు.

మడుల వయసు కూడా చూడాలి కదా బావగారూ. కంకర పూడుకుపోయి ఉండొచ్చు. మీరు చేసిన సేవను ఎవరూ కాదనడం లేదు. కొత్త యంత్రం దగ్గర మీ పేరుతో ఒక పలక పెట్టించే ఆలోచన ఉంది. నేనే సూచించాను.

జూన్‌లో నా రిటైర్మెంటు. ఈ నాలుగు నెలలు ప్రశాంతంగా గడిస్తే చాలు. దయచేసి పేపర్లకు మాత్రం రాయకండి.

మీ బావమరిది


మడుల పక్క ఇల్లు
మార్చి 3

ఒరేయ్ బావమరిదీ,

పలకా! బతికున్న మనిషికి సమాధిరాయి చెక్కించి, పైగా నేనే సూచించానంటావా?

ఒక చిన్న ప్రశ్న అడిగితే పేజీ నిండా నీళ్లు నమిలావు. కంకర పూడుకుపోతే ఏమవుతుందో నీకు నేనే నేర్పాను. నీళ్లు పైకి ఉబికి వస్తాయి, కంపు కొడుతుంది, దోమలు లేస్తాయి. వచ్చి చూడు. మీ అక్క మడి గట్టు మీద కుర్చీ వేసుకుని టీ తాగుతోంది.

యంత్రం అమ్మే నీ కోటాయన నిన్న ఇక్కడికి వేంచేశాడు. బూట్లకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని వచ్చాడు.

"ఇదేనా ఆ చిత్తడి?" అన్నాడు.

"చిత్తడి మీ కాళ్ల కింద ఉంది. అది మా ఆవిడ అంట్లు తోమిన నీళ్లు. మడులు అటుపక్క," అన్నాను.

కాసేపు అటూ ఇటూ చూశాడు. "మరి నీళ్లేవండీ?"

"కంకర కింద."

"కనబడటం లేదే."

"మీకు కనబడితే దోమలకీ కనబడతాయి."

ఆయనకు నవ్వు రాలేదు. "పెద్దవారు, ఏమీ అనుకోకండి. ఈ రోజుల్లో గడ్డితో మురుగు శుభ్రం చేస్తున్నామంటే నలుగురూ నవ్వుతారు," అన్నాడు.

మీ అక్క తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. "నవ్వనీ బాబూ. ముక్కు మూసుకుని నవ్వక్కర్లేదు కదా. ఇంతకీ మీ యంత్రం కరెంటు పోతే ఏం చేస్తుంది?"

"జనరేటరు ఉంటుందమ్మా."

"అది పాడైతే?"

"సర్వీసు వాళ్లు వస్తారు."

"వాళ్లు రాకపోతే?"

ఆయన వాచీ చూసుకుని బయల్దేరాడు. ఒక బూటు సంచి ఊడి ఇక్కడే ఉండిపోయింది. కావాలంటే పంపుతాను, ఫైల్లో పెట్టుకో.

మీ యంత్రాల సంగతి నాకు చెప్పకు. బస్టాండు వెనక ఒకటి పెట్టారు. రెండేళ్లు తిరిగి ఆగింది. ఇప్పుడు దాంట్లో కప్పలు కాపురం ఉంటున్నాయి. స్టేడియం దగ్గర ఇంకొకటి, అది ప్రారంభోత్సవం రోజు తిరిగింది. ఆ రెంటినీ వద్దని నేను రాసిన కాగితాలు మీ పాత చీఫ్ ఇంజనీరు గారు ఏం చేశారో తెలుసా? కిటికీ రెక్క కొట్టుకోకుండా మడిచి సందులో పెట్టారు. కళ్లారా చూశాను. నా ఇంట్లో మురుగు మీద పదకొండు పుస్తకాలున్నాయి. పెద్ద పెద్ద నగరాలు తమ మలం తామే తాగి జబ్బుపడి చచ్చిన చరిత్ర అంతా అందులో ఉంది. మీ ఆఫీసులో ఎవరికైనా కావాలా అని అడిగాను ఒకప్పుడు. బొమ్మలున్నాయా అని అడిగాడు మీ చీఫ్.

అంకెలు పంపు. ఈ నెలాఖరులోపు రాకపోతే మీ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుంటాను. మీ అక్క క్యారేజీ కట్టి ఇస్తుంది. వచ్చిన ప్రతివాడికీ నేను నీకు ఏమవుతానో చెబుతాను.

బావ


ఇంజనీరు ఆఫీసు
మార్చి 22

బావగారికి,

నివేదిక నకలు ఇందులో పెట్టాను. నేను పంపినట్టు ఎవరికీ చెప్పకండి.

చూశాక నన్ను తిట్టవద్దని అడిగే అర్హత నాకు లేదు. నిదానంగా చూడండి. అంతకంటే ఏమీ రాయలేను.

మీ బావమరిది


మడుల పక్క ఇల్లు
మార్చి 25, పొద్దున

బావమరిదికి,

నివేదిక చూశాను. నిదానంగా చూడక్కర్లేదు, మొదటి వరుసలోనే బండారం బయటపడింది.

లోపలికి వచ్చే మురుగులో మురికి ఇరవై రెండట. బయటికి పోయే నీళ్లలో నూట ఎనభై అట. ఇరవై రెండున్న నీళ్లను మురుగు అంటారా ఎవరైనా? నాలుగు వందల ఇళ్లవాళ్లు దొడ్లోకి వెళ్లడం మానేసి తపస్సు చేస్తున్నారా? మొదటి ఏడాది కుర్రాడు కూడా పట్టేస్తాడు దీన్ని. నువ్వు పట్టుకోలేదు! సీసాలు తారుమారయ్యాయి. తారుమారు చేసింది ఆ కళ్లులేని మనిషే. ఆవిడ ఉద్యోగం ఊడబీకి ఇంటికి పంపితే గాని

అదే రోజు మధ్యాహ్నం

పై వాక్యం పూర్తి చెయ్యను. కొట్టెయ్యను కూడా.

నివేదిక రెండో పేజీ తిప్పాను. నమూనా తీసిన చోటు: లోపలికి వచ్చే నీరు, రాయి నంబరు ఒకటి. బయటికి పోయే నీరు, రాయి నంబరు మూడు.

గొడుగు కూడా వేసుకోకుండా మడుల దగ్గరికి వెళ్లాను. ప్రతి మడి మూత పక్కన ఒక రాయి, దాని మీద అంకె. కాలువ పక్కన, నీళ్లు బయటపడే చిట్టచివరి మడి దగ్గర ఉన్న రాయి మీద ఒకటి అని ఉంది. ఆ పైది రెండు. ఇటుక తొట్టె పక్కన, మురుగు మొదట దిగే మడి దగ్గర మూడు.

నేనే చెక్కించాను. పని ఎప్పుడూ కింది నుంచి మొదలుపెట్టాలి. నీళ్లు చివరికి కాలువలో ఏ మట్టాన పడాలో తేలితే గాని పై మడి ఎంత ఎత్తులో ఉండాలో తేలదు. అందుకని కాలువ పక్కది ముందు తవ్వించాను. ముందు తవ్వింది కాబట్టి ఒకటి. ముప్పై ఒక్క ఏళ్లుగా రోజూ ఆ రాళ్ల పక్కనుంచి నడుస్తున్నాను. చూస్తూనే ఉన్నాను గాని ఒక్కనాడూ చదవలేదు.

నీళ్లు కంకర కింద నడుస్తాయి. ఎటు నుంచి ఎటు పోతున్నాయో పైనుంచి తెలియదు. వచ్చిన మనిషి ఏం చేస్తుంది? రాయి మీద రాసింది చదువుతుంది.

నువ్వు ఆ రాళ్లు పాతిన రోజు అక్కడే ఉన్నావు. అప్పుడు నీకు ఇరవై ఎనిమిదేళ్లు, నా కింద కొత్తగా చేరావు. ఈ నివేదిక నీ బల్ల మీదికి వచ్చిన రోజు నీకు తెలిసిందా, తెలియలేదా? నీళ్లు నమలకుండా రాయి.

బావ

తమ్ముడూ, ఇది అక్కని. ఈ ఉత్తరం రాసి రెండు రోజులైంది, ఇంకా డబ్బాలో వెయ్యలేదు. అప్పట్నుంచీ మీ బావ ఎవర్నీ తిట్టడం లేదు. నాకు భయంగా ఉంది. నిజం ఏదైతే అది రాసెయ్. ఆయన తట్టుకుంటారు.


ఇంట్లోంచి
ఏప్రిల్ 2

బావగారికి,

తెలిసింది.

ఆ రాళ్లు పాతిన రోజు మీకు గుర్తుందో లేదో. "బావగారూ, నీళ్లు నడిచే వరుసలో వేయిద్దాం అంకెలు, రేపు కొత్తవాళ్లు వస్తే తికమక పడతారు," అన్నాను. మీరు గట్టు మీద నిలబడి ఉన్నారు. కింద గుంటలో నేనూ, పదహారు మంది కూలీలూ. "నీళ్లకు అంకెలు రావురా. వచ్చేవాడికి బుర్ర ఉంటే చాలు. నీకు లేదని ఊరంతా చాటుకోకు," అన్నారు. అందరూ నవ్వారు. రాళ్లు చెక్కే ఆయన ఉలి పక్కన పెట్టి మరీ నవ్వాడు. ఆ తర్వాత రెండేళ్లు డిపార్టుమెంటులో నన్ను బుర్రలేని బావమరిది అనే పిలిచారు. నా పెళ్లికి వచ్చినవాళ్లు కూడా అన్నారు. మా ఆవిడ మొదటిసారి ఆ మాట విని, ఎవరిని అంటున్నారండీ అని నన్నే అడిగింది.

నివేదిక చూడగానే మొదట నవ్వొచ్చింది. ఒక్క రోజు ఊరుకుందామనుకున్నాను. ఒక్క రోజు ఆయన తప్పని నలుగురూ అననీ అనుకున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడు వారమైంది. ఈలోగా కోటాయన వచ్చాడు, ఫొటో అన్నాడు. పేపర్లో పడ్డాక చెబితే, అప్పుడెందుకు చెప్పలేదయ్యా అని అడుగుతారు. అదీ సంగతి.

మడులు పోవు. దారి ఆలోచించాను. నమూనాలు పట్టిన ఆవిడ సీసాలు తారుమారు చేసినట్టు ఒక మెమో తయారుచేయించాను. మీరే మొదట ఆ మాట రాశారు కదా. కాంట్రాక్టు మనిషి, ఇంకోచోట పని చూసుకుంటుంది. కమిటీలో మెమో పెడితే పరీక్ష మళ్లీ చేయిస్తారు, నిజం దానంతటదే తేలుతుంది. మీరు ఈలోగా ఆ మూడు రాళ్లు పీకించెయ్యండి. మీ పేరు పోదు, నా పేరూ పోదు. మీరు సమావేశానికి రావలసిన పనే లేదు.

మీ బావమరిది


మడుల పక్క ఇల్లు
ఏప్రిల్ 5

బావమరిదికి,

నిన్ను నలుగురిలో అలా అన్నాను. గుర్తుంది. నువ్వు గుర్తుచేసే వరకూ అది మంచి చమత్కారం అని గుర్తుంది.

దానికి నా మీద కక్ష తీర్చుకో. ఎదురుగా వచ్చి తిట్టు, కొట్టు, మా ఇంటి గడప తొక్కకు. ముప్పై కుటుంబాల చేలల్లోకి మురుగు వదిలి తీర్చుకుంటావా? అది చాలనట్టు, ఇప్పుడు తప్పించుకోవడానికి మన ఇద్దరికీ మధ్యలో ఆ మనిషిని పడుకోబెట్టి, ఆవిడ మీదుగా దాటుదామంటావా? ఎంత తేలిగ్గా రాశావురా, ఇంకోచోట చూసుకుంటుందని!

నేను ఉద్యోగంలో ఉండగా నూట పన్నెండు నివేదికలు రాశాను. ఒక్కటీ ఎవడూ చదవలేదు. అర్జీలు రాశాను, పేపర్లకు రాశాను, నీకు రాశాను. ఇన్నేళ్లలో నేను రాసింది చదివి, రాసింది రాసినట్టు నమ్మిన మనిషి ఆవిడ ఒక్కతే. ఆ చదివినందుకే ఆవిడ పని పోవాలి, అంతేనా? అలాంటి మనిషిని రెండు ఉత్తరాల్లో కళ్లులేనిదన్నాను.

రాళ్లు పీకించను. ఇరవయ్యో తారీకు వస్తున్నాను. నువ్వు ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

బావ


మడుల పక్క ఇల్లు
ఏప్రిల్ 21

బావమరిదికి,

నిన్న ఎదురెదురుగా కూర్చున్నాం గాని నువ్వు నావైపు చూడలేదు. కాబట్టి అక్కడ ఏం జరిగిందో నీకు తెలిసి ఉండదనుకుని రాస్తున్నాను.

పొడుగాటి బల్ల చుట్టూ పదకొండు మంది. సీసాలు నింపిన ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఉంది, చేతిలో నీ మెమో. కూర్చోమని ఎవరూ అనలేదు. నా వంతు రాగానే కమిటీ నడిపిస్తున్న కమిషనరమ్మ అడిగింది, "మీరెవరండీ?" అని.

"ఆ మడులు కట్టించిన ఓవర్సీర్ని. నమూనాలు తప్పు కాదు. రాళ్లు తప్పు. వాటి మీద అంకెలు తలకిందులుగా వేయించింది నేను," అన్నాను. కింది నుంచి తవ్విన సంగతి చెప్పాను. వద్దన్నవాడిని నోరు మూయించానని కూడా చెప్పాను. వాడెవడో చెప్పలేదు.

కోటాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అంటే ఇన్నేళ్లూ మడుల్ని కాపాడిన పెద్దమనిషికే ఏది ముందో ఏది వెనకో తెలియదన్నమాట!"

నవ్వారు. అందరూ. టీ కప్పులు తీసేవాడు కూడా నవ్వాడు. డెబ్బై ఆరేళ్ల వయసులో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ నవ్వు మధ్యలో నిలబడ్డాను. ఆ రోజు గుంటలో నీకు ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. ఇది క్షమాపణ కాదు. సమాచారం.

ఆవిడ తలుపు దగ్గర నుంచి అంది, "రాయి మీద ఒకటి అని ఉంది మేడమ్. ఒకటి అంటే మొదలే కదా?"

"లోకమంతా మొదలే తల్లీ. నా దగ్గరే చివర," అన్నాను. "నన్నెందుకు అడగలేదమ్మా ఆ రోజు?"

"అడుగుదామనే వచ్చానండీ. మీరు తొట్టెలోకి చూస్తూ ఎవర్నో గట్టిగా తిడుతున్నారు. నన్నేమోననుకున్నాను."

మళ్లీ నవ్వారు. ఈసారి నాకూ వచ్చింది. ఆ రోజు తిట్టింది మీ పాత చీఫ్‌ని. ఆయన పోయి ఆరేళ్లయింది.

అప్పుడు కమిషనరమ్మ నీవైపు తిరిగింది. "ఇంజనీరు గారూ, ఈ సంగతి మీకు ముందు తెలుసా?"

నీ ముందు గ్లాసు ఉంది. తాగావు. ఖాళీ అయింది. ఖాళీ గ్లాసును మళ్లీ ఎత్తి తాగావు. "పరిశీలిస్తాం మేడమ్," అన్నావు.

అదీ జరిగింది. పరీక్ష మళ్లీ చెయ్యమన్నారు, ఆవిడే చెయ్యాలన్నారు, అంతవరకూ పూడ్చడమూ మెమో రెండూ ఆపమన్నారు. వచ్చేవారం ఆవిడ వస్తుంది. రాళ్లు అలాగే ఉన్నాయి. ఒక్కో దాని మీద నీళ్లు ఎటు నడుస్తాయో బాణం గుర్తు చెక్కిస్తున్నాను. మీ అక్క నీకు రాయమన్నది ఏమీ లేదు. అడిగితే, లేదని చెప్పింది.

బావ


ఇంట్లోంచి
మే 9

బావగారికి,

ఫలితాలు వచ్చాయి. లోపలికి వచ్చే మురుగు నూట డెబ్బై ఆరు. బయటికి పోయే నీళ్లు పంతొమ్మిది. పూడ్చే ప్రతిపాదన తీసేశారు. కమిషనర్ గారు రెండు కాలనీలకు అలాంటి మడులే వేయించడానికి అంచనాలు అడిగారు. కోటాయన ఫోను ఎత్తడం లేదు.

మెమో ఇంకా ఫైల్లోనే ఉంది. ఊరికే చించేస్తే చించినవాడెవడని అడిగేవాళ్లు లేరు. రెండు రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాను. నిన్న కమిషనర్ గారికి ఒక ఉత్తరం ఇచ్చాను. టైపిస్టుకు ఇవ్వలేదు, చేత్తో రాశాను. నకలు పంపుతున్నాను. విచారణ ఉంటుందన్నారు. జూన్‌లో రిటైర్మెంటు ఉండకపోవచ్చు.

అక్కకు చెప్పండి. లేదా చెప్పకండి, ఆమెకే చూపించండి.

మీ బావమరిది

నకలు:

కమిషనర్ గారికి. జమ్ము మడుల రాళ్ల మీది అంకెలు నీరు నడిచే వరుసకు తిరగబడి ఉన్నాయని, నివేదిక నా ద్రుష్టికి వచ్చిన రోజే గమనించాను. నమూనాలు పట్టిన ఉద్యోగిని వైపు నుంచి ఏ నిర్లక్షమూ జరగలేదు. ఆమె మీద మెమో తయారుచేయించిన భాద్యత పూర్తిగా నాది. అన్నీ తెలిసి, ఒక మనిషి మీద పాత కోపంతో, నోరు మూసుకుని సంతకం పెట్టాను.


మడుల పక్క ఇల్లు
మే 13

బావమరిదికి,

నకలు అందింది. మీ అక్క చదివింది. చదివి లోపలికి వెళ్లింది, ఇంకా బయటికి రాలేదు.

ముప్పై ఏళ్ల సర్వీసు చేసిన ఇంజనీరు నాలుగు వాక్యాల్లో మూడు మాటలు తప్పు రాస్తాడా? దృష్టి, నిర్లక్ష్యం, బాధ్యత. మూడింటికి మూడూ ఎర్రసిరాతో దిద్ది, కాగితం తిరిగి పంపుతున్నాను. అసలు ప్రతి పైకి వెళ్లిపోయిందని తెలుసు. అయినా దిద్దాను.

నాలుగో వాక్యం పదిసార్లు చదివాను. దిద్దడానికి అందులో నాకేమీ దొరకలేదు.

బావ